డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: మందు వెనుక మనుష్యులు

మా సంఘములో ఒక అక్కగారు ఉన్నారు. వయస్సు డెబ్బది దాటింది. చేతివేళ్ళ కణుపులు వాచిపోయి, తెల్లవారి లేచేసరికి పిడికిలి బిగించలేని కీళ్ళవాతముతో ఆమె చాలా ఏండ్లు బాధపడ్డారు. పట్నములో డాక్టరుగారు చూచి రెండు రకముల మాత్రలు వ్రాసి ఇచ్చారు. ఒకటి వారమునకు ఒక్క దినము మాత్రమే మింగవలెను. రెండవది ఆ దినము విడిచి, తక్కిన దినములలో మింగవలెను. అక్కగారికి ఆ లెక్క రుచించలేదు. వారమునకు ఒకసారి మింగితేనే ఇంత గుణము కనిపించినప్పుడు రోజూ మింగితే త్వరగా తగ్గిపోదా అని ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మమ్మును అడిగారు.

మేము వైద్యులము కాము. అయినను ఆ చీటీ చూచి భయపడి, ఆమెను వెంటనే ఆ డాక్టరుగారి యొద్దకు తీసికొని వెళ్ళాము. ఆయన నెమ్మదిగా వివరించారు. వారమునకు ఒకసారి వేసుకొనే మాత్ర పేరు మెథోట్రెక్సేట్. రెండవది ఫోలిక్ ఆమ్లము. శరీరములో ఫోలిక్ ఆమ్లము చేసే పనిని మెథోట్రెక్సేట్ అడ్డగిస్తుంది. కొద్దిగా అడ్డగిస్తే కీళ్ళ వాపు తగ్గుతుంది. మితిమీరి అడ్డగిస్తే నోరు పుండ్లు పడి, ఎముకలలోని మూలుగ దెబ్బతిని, రక్తము తయారు కాక ప్రాణము మీదికి వస్తుంది. పొరపాటున రోజూ మింగి చనిపోయినవారు లోకములో అనేకులు ఉన్నారు. అందుచేతనే వారమునకు ఒక్క దినము, అందుచేతనే రెండవ మాత్ర తోడు.

ఆ దినము ఇంటికి తిరిగి వస్తూ మేము అక్కగారికి ఒక సంగతి చెప్పాము. ఒకదానికొకటి ఎదురుగా పనిచేసే ఈ రెండు మందులును ఒకే ప్రయోగశాల నుండి, ఒకే మనుష్యుని నాయకత్వములో వెలువడినవి. ఆయన భీమవరములో పుట్టిన తెలుగువాడు. మనవలెనే సొంత ఊరు విడిచి పోయినవాడు. ఆయన జీవితమును చదువరుల ముందు ఉంచవలెనని అప్పుడే అనుకున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరములో జన్మించారు. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంటినిండ పిల్లలు, చాలీచాలని రాబడి. పదమూడేళ్ళ ప్రాయములో ఆ పిల్లవాడు ఇల్లు విడిచి పారిపోయాడు. కాశీకి పోయే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని అతని ఆలోచన. తల్లి వెంట పడి పట్టి తెచ్చి మరల బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కాడు. ఆ చదువు కొరకు తల్లి తన నగలు అమ్ముకొన్నది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాటినుండి ఎందరో పిల్లలను చూచాము. రెండుసార్లు తప్పిన పిల్లవానిని ఇంట మూలన కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి మనస్సున ఉంచుకొంటే మేలు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు ముగిసేసరికి ఆ యువకుని మనస్సు సన్యాసము వైపు మళ్ళింది. రామకృష్ణ మఠములో చేరవలెనని కోరుకున్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. రోగులకు సేవ చేయవచ్చునన్న తలంపుతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహము జరిగింది. చదువునకు మామగారు చేయూతనిచ్చారు.

అవి గాంధీగారు విదేశీ వస్తువులను విడిచిపెట్టుమని పిలుపునిచ్చిన దినములు. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టించిన అంగీ వేసుకొని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయునికి అది నచ్చలేదు. వ్రాతపరీక్షలు బాగుగానే వ్రాసినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. సర్కారు వైద్యశాఖలో మంచి ఉద్యోగమునకు దారి మూసుకుపోయింది.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు ఆ దినములలో మన ప్రాంతములో చాలామందిని పట్టి పీడించేది. తిన్న తిండి ఒంటబట్టక, ఎడతెగని విరేచనములతో రక్తము క్షీణించి మనిషి ఎండిపోతాడు. మన పాత వైద్యులు గ్రహణి అని పిలిచే జబ్బుల కోవలోనిది. ఆ వ్యాధితో సుబ్బారావుగారి అన్న పురుషోత్తముగారు, తమ్ముడు కృష్ణమూర్తిగారు ఎనిమిది దినముల వ్యవధిలో చనిపోయారు. కొంత కాలమునకు సుబ్బారావుగారికి కూడ అదే జబ్బు వచ్చింది. ఆంగ్ల వైద్యము చదివిన ఆయనను ఆయుర్వేద వైద్యములో పేరుగాంచిన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు బ్రతికించారు. ఆ కృతజ్ఞతతోను, వేరు దారి లేకను, ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించే ఉద్యోగములో చేరారు. అన్నదమ్ములను ఏమి చంపింది, తనను ఏమి బ్రతికించింది అన్న ప్రశ్న మాత్రము ఆయనను విడువలేదు. తరువాత ఆయన నడిచిన దారికి మొదలు ఆ ప్రశ్నయే అని మా అభిప్రాయము.

అమెరికాలో ఉష్ణదేశముల వ్యాధులను గురించి చదువవలెనని ఆయన నిశ్చయించుకొన్నారు. చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము చేయుటకు మాట ఇచ్చింది. ఈ సత్యలింగ నాయకర్ గారు యానామునకు పొరుగుననున్న కోరంగి ప్రాంతమువారు. రంగూను రేవులో కష్టించి గడించిన ధనమును ధర్మమునకు వ్రాసి పోయారు. ఊరు విడిచి పోయిన ఒక తెలుగువాని కష్టార్జితము ఊరు విడిచి పోవుచున్న మరొక తెలుగువానికి ఆసరాగా నిలిచింది. కోలారు గనులకు, రంగూను రేవులకు, బొంబాయి కట్టడములకు వెళ్ళినవారి సంతానమైన మనకు ఈ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

భార్య శేషగిరిగారు అప్పటికి చిన్నవయస్సులో ఉన్నారు. కడుపుతో ఉన్నారు. కొద్ది ఏండ్లలో తిరిగి వస్తానని చెప్పి ఆయన 1920ల తొలి సంవత్సరములలో ఓడ ఎక్కారు. తరువాత పుట్టిన కుమారుని ఆయన ఒక్కసారియైనను చూడలేదు. ఆ పసివాడు సంవత్సరము నిండకముందే చనిపోయాడు. సుబ్బారావుగారు మరల మన దేశమునకు రానే లేదు. ఇది చదువుచున్నవారు ఇక్కడ ఒక క్షణము ఆగవలెనని మా మనవి. మనము ఆయన కనుగొన్నవాటి జాబితా చదివి గర్వపడుతాము. ఆ జాబితాకు మొదటి వెల చెల్లించినది ఆయన కాదు, శేషగిరిగారు.

బోస్టను నగరములోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చదువుచు, కడుపు నింపుకొనుటకు ఆయన అక్కడి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రి పని చేశారు. రోగుల మలమూత్రముల పాత్రలు తీసి కడిగే పని. వైద్య పట్టా చేతనున్న మనిషి ఆ పనికి సిగ్గుపడలేదు. తరువాత జీవరసాయన శాస్త్ర విభాగములో ఓటో ఫోలిన్ గారి క్రింద చేరి, సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి పరిశోధన మొదలుపెట్టారు.

రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతిని 1925లో వారిరువురు ప్రకటించారు. ఫిస్క్ సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది లోకములోని ప్రయోగశాలలన్నిటికి పాకింది. ఆ కొలతబద్ద చేత పట్టుకొని కండరములను పరీక్షించగా, కండరము పనిచేయుటకు తోడ్పడే ఫాస్ఫోక్రియేటిన్ 1927లో బయటపడింది. 1929లో ఎ.టి.పి. అనే పదార్థము దొరికింది. అదే సమయములో జర్మనీ దేశములో కార్ల్ లోమన్ కూడ దానిని వేరుగా కనుగొన్నాడు. మనము చేయి ఎత్తినను, గుండె కొట్టుకొన్నను, ఆలోచించినను ఖర్చయ్యే శక్తి ఈ ఎ.టి.పి. రూపముననే మారకమగుచున్నది. నేడు ఇంటర్మీడియటు పిల్లలందరు దీనిని చదువుతారు. దాని వెనుక ఒక తెలుగువాని చేయి ఉన్నదని ఎందరికి తెలుసునో!

1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టా వచ్చింది. అయినను హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము రాలేదు. ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడకుండ ఫిస్క్ అడ్డుపడ్డాడని, అందుచేత ఇతరులు ఏండ్ల తరువాత మరల కనుగొనవలసి వచ్చిందని, ఆ రోజులలో అక్కడ విద్యార్థియైన జార్జి హిచింగ్స్ తరువాతి కాలములో చెప్పారు. ఆ హిచింగ్స్ గారికి 1988లో నోబెల్ బహుమానము లభించింది. ఇంకొక అడ్డుకూడ ఉన్నది. భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా సుప్రీము కోర్టు 1923లో తీర్పు చెప్పింది. 1946లో కొత్త చట్టము వచ్చేవరకు ఆ తలుపు తెరుచుకొనలేదు. తన ఆయుష్షులో సగము గడిపిన దేశములో ఆయన పరదేశిగానే మెలగవలసి వచ్చింది.

1940లో ఆయన హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అనే ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అది మందులు తయారుచేసి అమ్మే కంపెనీకి చెందినది. కొద్ది కాలములోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. మన కథకు ముఖ్యమైన ఎనిమిదేండ్లు ఇవే.

కాలేయము నుండి తీసిన సారము కొన్ని రకముల రక్తహీనతను నయము చేస్తుందని అప్పటికే తెలుసు. ఆ సారములో పనిచేసే పదార్థము ఏదో తెలియదు. బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను 1930 ప్రాంతమున పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముతో అది నయమగునని చూపించారు. కాలేయములోను, ఈస్టులోను, ఆకుకూరలలోను ఉన్న ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము దానిని కాలేయము నుండి వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో స్వయముగా తయారుచేసింది. ఇక కాలేయములు టన్నులకొలది ఉడికించనక్కరలేదు. కావలసినంత మందు చేతికి వచ్చింది. క్యూబా మొదలగు దేశములలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా, మంచము పట్టినవారు లేచి తినసాగారు. ఎనిమిది దినములలో ఇద్దరు అన్నదమ్ములను మ్రింగిన వ్యాధికి ఇరువదియైదు ఏండ్ల తరువాత ఆ ఇంటివాని చేతి మీదుగానే మందు వచ్చింది. నేడు మన గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రములో ఐరనుతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. శిశువుల వెన్నుపాము లోపములను అది చాలవరకు నివారిస్తుంది.

అయితే ఆ సంతోషములోనే ఒక హెచ్చరిక ఉన్నది. పెర్నీషియస్ అనీమియా అనే మరొక రకము రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము ఇచ్చినప్పుడు రక్తము బాగుపడింది గాని, నరములు చెడిపోవుట ఆగలేదు. రోగి ముఖము ఎర్రబడుచుండగా కాళ్ళు స్వాధీనము తప్పసాగినవి. ఆ వ్యాధికి కావలసినది బి12 విటమిను. దానిని 1948లో ఇతరులు వేరుచేశారు. ఒకరికి ప్రాణమిచ్చిన మందు మరొకరిలో జబ్బును కప్పిపుచ్చవచ్చునని ఆనాటి రోగుల శరీరముల మీదనే వైద్యులు నేర్చుకొన్నారు.

ఇంతకంటె భారమైన సంగతి పిల్లలది. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవారు. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలు ఆ దినములలో కొన్ని వారములలోనో, కొద్ది నెలలలోనో చనిపోయేవారు. రక్తము పెంచే ఫోలిక్ ఆమ్లము వారికి కూడ మేలు చేయునేమోనని, దానికి దగ్గర చుట్టములైన మందులను సుబ్బారావుగారి ప్రయోగశాల నుండి తెప్పించి ఫార్బర్ ఇచ్చి చూచారు. కొందరు పిల్లలలో వ్యాధి తగ్గుటకు బదులు మరింత వేగముగా పెరిగినట్లు కనిపించింది. ఆశతో ఇచ్చిన మందు వ్యాధికే మేత అయింది. ఆ పిల్లల పేర్లు ఏ పాఠ్యపుస్తకములోను లేవు. అయినను ఆ చేదు అనుభవము నుండియే ఒక ఆలోచన పుట్టింది. ఫోలిక్ ఆమ్లము వ్యాధిని పెంచుచున్నదంటే, దానిని అడ్డగించే పదార్థము వ్యాధిని అణచవలెను గదా!

ఫోలిక్ ఆమ్లము వలెనే ఉండి, శరీరమును ఏమార్చి, దాని చోటు ఆక్రమించి పని చెడగొట్టే పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనేది 1947 చివరిలో ఫార్బర్ చేతికి చేరింది. పదునారుగురు పిల్లలకు ఇచ్చారు. పదిమందిలో గుణము కనిపించింది. పొట్టలు తగ్గినవి. రక్తములో చెడ్డ కణములు తగ్గినవి. నడవలేని పిల్లలు లేచి ఆడుకొన్నారు. 1948 జూనులో ఈ ఫలితములు ప్రకటించారు. రక్త క్యాన్సరును ఒక రసాయనముతో వెనుకకు నెట్టవచ్చునని లోకము తెలిసికొన్నది.

కాని నెట్టినది వెనుకకే, బయటికి కాదు. కొద్ది నెలలకు వ్యాధి తిరిగి వచ్చింది. తరువాత ఆ మందు పనిచేయలేదు. మందు చేసిన హాని వేరుగా ఉన్నది. నోటినిండ పుండ్లు, రక్తస్రావము, అంటురోగములు. చనిపోవలసిన బిడ్డలను ఇంకను ఏల బాధపెట్టవలెనని ఆ ఆసుపత్రిలోనే కొందరు వైద్యులు వ్యతిరేకించారు. వారిని కఠినులని అనలేము. వారు చూచినది మంచము మీది బిడ్డ కన్నీరు. ఫార్బర్ చూచినది రాబోయే బిడ్డలను. ఇద్దరు చూచినదియు నిజమే. మా సంఘములో కూడ ఒక కుటుంబము ఈ బాధలోనుండి నడిచింది. బిడ్డకు జుట్టు రాలి, నోట ముద్ద దిగని దినములలో, ఈ వైద్యము ఆపివేద్దామా అని తండ్రి ఏడ్చినప్పుడు మా నోట మాట రాలేదు. వైద్యము ఆపలేదు. బిడ్డ బ్రతికింది. కాని ఆ తండ్రి ప్రశ్న తప్పు అని మేము నేటికిని అనలేము.

అమినోప్టెరిన్ తమ్ముని వంటిదే మన అక్కగారి మెథోట్రెక్సేట్. అదియు ఆ ప్రయోగశాలలోనే పుట్టింది. కొంచెము నమ్మదగినదని వైద్యులు దానినే నిలుపుకొన్నారు. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భమునకు సంబంధించిన ఒక క్యాన్సరును ఈ మందుతో పూర్తిగా నయము చేయగలిగారు. తరువాత అనేక మందులను కలిపి, ఏండ్ల తరబడి పరీక్షించి, పిల్లల రక్త క్యాన్సరులో ఎక్కువగా కనబడే రకమునకు వైద్యము కుదిర్చారు. నేడు ధనిక దేశములలో ఆ వ్యాధి వచ్చిన పిల్లలు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు. ఆ వైద్యములో మెథోట్రెక్సేట్ ఇప్పటికిని ఒక భాగము. మొదటి పదునారుగురు కొనిచ్చినది నెలలు మాత్రమే. ఆ నెలల మీదనే తక్కినదంతయు కట్టబడింది.

ఇక మన తీరమునకు బాగుగా తెలిసిన వ్యాధి ఒకటి ఉన్నది. బోదకాలు. గంజాము, పూరీ మొదలుకొని గోదావరి మండలము వరకు, ఇటు కర్ణాటక ఉత్తర జిల్లాలలోను ఆ వాచిన కాళ్ళను చూడనివారు మనలో ఎవరు? దోమకాటుతో లోపలికి చేరే సన్నని పురుగులు దానికి కారణము. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఈ పురుగు అంటుకొనుటచేత ఆ దేశము మేల్కొన్నది. సుబ్బారావుగారి ప్రయోగశాలలో ఎలుకల జాతి జంతువుల మీద ఎన్నో పదార్థములను పరీక్షించి, 1947లో హెట్రజాన్ అనే మందు ప్రకటించారు. డి.ఇ.సి. మాత్ర అని మనము పిలిచేది అదే. 2004 నుండి మన దేశములో ఆ వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి ఇంటింటికి తిరిగి మ్రింగించే కార్యక్రమము నడిచింది. రక్తములో తిరిగే పిల్ల పురుగులను అది చంపుతుంది. అవి చచ్చేటప్పుడు కొందరికి జ్వరము, తలనొప్పి వస్తాయి. అందుకు భయపడి మాత్రను దిండు క్రింద దాచినవారు మన ఇండ్లలో కూడ ఉన్నారు. ఒక దినము జ్వరము ఆ మాత్రకు మనము చెల్లించే వెల. అప్పటికే వాచిన కాలును అది పూర్వస్థితికి తేలేదు. అందుకే ముందుగా మ్రింగవలెను. గర్భిణులు, రెండేండ్లలోపు పసిపిల్లలు, తీవ్రముగా జబ్బుపడినవారు మాత్రము మ్రింగరాదు.

1948 జూలైలో ఆరియోమైసిన్ అనే మరొక మందును ప్రకటించారు. డెబ్బది ఏండ్ల వయస్సులో విశ్రాంత ఆచార్యునిగా ఉన్న బెంజమిన్ డగ్గర్ గారిని సుబ్బారావుగారు పనికి పిలువగా, ఆయన మట్టి నమూనాలు వెదకి ఈ మందునిచ్చే సూక్ష్మజీవిని పట్టుకొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది. 1994లో సూరతులో ప్లేగు భయము వచ్చినప్పుడు జనులు దుకాణముల యొద్ద వరుసకట్టి కొనుక్కొన్నవి ఈ జాతి మాత్రలే. చిన్నపిల్లలకు ఇస్తే పండ్లు పచ్చబడిపోవునని తరువాత తెలిసింది. ఈ మందుకును వెల ఉన్నది.

ఆ ప్రకటన జరిగిన కొద్ది వారములకే, 1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయస్సు యాభైమూడు. మన దేశము స్వతంత్రమై అప్పటికి ఏడాది. ఆయనకు నోబెల్ బహుమానము రాలేదు. బృందము చేసిన పనికి తనను ముందు నిలుపుకొనే అలవాటు ఆయనకు లేదు. ఒక బూజుజాతికి ఆయన పేరు పెట్టారు. 1995లో, ఆయన పుట్టి నూరేండ్లయిన సందర్భమున, మన ప్రభుత్వము తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఈ జీవితమును చదివి తెలుగువాడు ఎంతటి గొప్పవాడో అని చెప్పి ముగించుట సులభము. అది నిజమే గాని సగము నిజము. మేము చెప్పదలచినది తక్కిన సగము. మన మందుల పెట్టెలో ఉన్న ప్రతి మాత్రకు ముందుగా ఎవరో వెల చెల్లించి ఉన్నారు. శేషగిరిగారు చెల్లించారు. బోస్టను పిల్లలు చెల్లించారు. ఆ పిల్లలు తాము చెల్లించుచున్నట్లు ఎరుగరు. వారిని ఎవరును సరిగా అడిగి ఉండరు. ఆ కాలములో వ్రాతపూర్వకమైన నియమములు చాలా తక్కువ. 1964లో హెల్సింకి ప్రకటన వచ్చింది. మన దేశములో 2019లో కొత్త మందుల పరీక్షలకు చట్టబద్ధమైన నియమములు వచ్చినవి. నేడు ఆసుపత్రిలో ఎవరైనను మన బిడ్డను పరిశోధనలో చేర్చెదమని అడిగితే, కాగితము మనకు తెలిసిన భాషలో ఉండవలెను. మేలు ఏమి, కీడు ఏమి అని విప్పి చెప్పవలెను. ఇష్టము లేనప్పుడు మధ్యలో మానుకొనుటకు మనకు హక్కు ఉన్నది. మానుకొన్నందున మామూలు వైద్యము నిరాకరించరాదు. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనవారిలో చాలామంది, అక్కడి భాష చదువరాక, చూపిన చోట సంతకము పెట్టి వస్తారు. దయచేసి అలా చేయవద్దు. చదువనేర్చిన యువకుని ఒకరిని వెంట తీసికొని వెళ్ళండి. సంఘములో అట్టి యువకులకు కొదువ లేదు.

పరిశోధన వద్దని మేము అనము. వద్దని ఆనాడు అందరు అని ఉంటే మా సంఘములోని ఆ బిడ్డ నేడు బడికి వెళ్ళేది కాదు. అడిగి చేయవలెను, చెప్పి చేయవలెను, చెల్లించినవారిని మరువరాదు అని మాత్రమే అంటాము.

అక్కగారు ఇప్పుడు పిడికిలి బిగించగలుగుచున్నారు. పాటల పుస్తకము తానే పట్టుకొంటున్నారు. ఆమె ఇంటి గోడ మీది క్యాలెండరులో బుధవారములన్నిటికి ఎర్ర సిరాతో సున్న చుట్టి ఇచ్చాము. ఆ దినము మాత్రమే మొదటి మాత్ర. తక్కిన దినములలో రెండవది. మొన్న వెళ్ళినప్పుడు ఆ అమెరికా వెళ్ళిన అబ్బాయి భార్య ఆ తరువాత ఏమైనదని ఆమె అడిగారు. భర్త మాత్రము తిరిగి రాలేదని చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.